చైనీస్ మాట్లాడేవాళ్లకు డిస్టర్బ్, డిస్రప్ట్, ఇంటరప్ట్ తేడా నేర్పడం ఎలా?

సింగపూర్‌లోనో మలేసియాలోనో ట్యూషన్లు చెప్పే మనవాళ్లు, ఇంట్లో కూర్చుని చైనా, తైవాన్ ఉద్యోగులకు ఆన్‌లైన్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పేవాళ్లు, ఆఫీసులో చైనీస్ కొలీగ్ రాసిన మెయిల్ పంపేముందు ఒకసారి చూసిపెట్టేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మా స్టూడెంట్ ‘డిస్టర్బ్ ద ప్లాన్’ అంటున్నాడు. తప్పని తెలుస్తోంది కానీ ఎందుకు తప్పో చెప్పలేకపోతున్నాను. ఏం చెప్పాలి?"

వాళ్లు రాసే మెయిల్ సాధారణంగా ఇలా ఉంటుంది: "సారీ టు డిస్రప్ట్ యూ. ద టైఫూన్ డిస్ట్రాయ్డ్ అవర్ షెడ్యూల్. ప్లీజ్ డిస్టర్బ్ ది ఆర్డర్ ఆఫ్ ద స్లైడ్స్." వ్యాకరణం చూస్తే ఒక్క తప్పు లేదు. మూడు క్రియలూ మాత్రం ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చున్నాయి. మొదటిచోట బాదర్, రెండోచోట డిస్రప్ట్, మూడోచోట ఛేంజ్ ఉండాలి. రాసిన మనిషి చదువుకున్నవాడే, డిక్షనరీ చూసే రాశాడు. చిక్కంతా ఆ డిక్షనరీలోనే ఉంది. ఈ క్రియలన్నిటికీ అందులో ఒకేలాంటి చైనీస్ మాటలు కనిపిస్తాయి.

చైనీస్‌లో ఇలాంటి క్రియలు చాలావరకు రెండు ముక్కల కలయిక. మొదటి ముక్క చేసిన పని, రెండోది దాని ఫలితం. ‘దా’ అంటే కొట్టడం. ‘దాద్వాన్’ అంటే కొట్టి తెంపడం, ‘దాల్వాన్’ అంటే కొట్టి కలగాపులగం చేయడం. మనకు ఇది కొత్త కాదు. చెడగొట్టు, పడగొట్టు, విరగ్గొట్టు అనే మాటల్లో మనం చేసేదీ ఇదే, కాకపోతే మనకు ఫలితం ముందు, పని వెనక వస్తాయి. అందుకే ఈ పాఠం చెప్పడంలో తెలుగు టీచర్‌కు ఒక వీలుంది, దాన్ని వాడుకోండి. ఇంగ్లిష్ అలా ఆలోచించదు. ఏం ఫలితం వచ్చింది అనేదానికన్నా దెబ్బ దేనికి తగిలింది అనేదాన్ని బట్టి క్రియను ఎంచుకుంటుంది. నిద్రకు తగిలితే ఒక మాట, మాటకు తగిలితే ఇంకో మాట, షెడ్యూల్‌కు తగిలితే మరో మాట. కింద చెప్పే మెట్లన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉన్నాయి.

కావాల్సినవి

- ఏడు క్రియలు, అంతకు మించి వద్దు: డిస్టర్బ్, ఇంటరప్ట్, డిస్రప్ట్, ఇంటర్‌ఫియర్, అప్‌సెట్, మెస్ అప్, మిక్స్ అప్. డీరైల్, జంబుల్, స్క్రాంబుల్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు. షఫుల్, స్పాయిల్ మాత్రం దారిలో తగులుతాయి, అక్కడే చెప్పుకుందాం.
- చిన్న కాగితం ముక్కలు. ఒక్కో దాని మీద ఒక్కో నామవాచకం: నిద్ర, స్పీచ్, మీటింగ్, రైళ్ల రాకపోకలు, వైఫై సిగ్నల్, జుట్టు, కవల పిల్లల పేర్లు, కడుపు, పేకముక్కలు. ఆన్‌లైన్ క్లాసయితే స్క్రీన్ మీద బాక్సులు చాలు.
- లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీల్లో ఏదో ఒకటి. మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. చైనీస్ అర్థం ఇచ్చే డిక్షనరీ ఈ పాఠం అయ్యేవరకు పక్కన పెట్టించండి.
- నలభై నిమిషాల చొప్పున రెండు క్లాసులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం.

మీకు చైనీస్ రావాల్సిన అవసరం లేదు. కింద ఇచ్చిన మాటలు గుర్తుంటే చాలు. తెలుగు లిపిలో వాటి ఉచ్చారణ ఉజ్జాయింపే. స్టూడెంట్‌నే పలకమని అడిగి ఒకసారి వినండి. హాంకాంగ్ వాళ్లు కాంటనీస్‌లో పలుకుతారు కాబట్టి వాళ్ల నోట ఈ మాటలు వేరేగా వినిపిస్తాయి. వాళ్లకైతే అక్షరాలు రాసి చూపించమనండి.

ఇంకో సంగతి. 2021 జూలైలో చైనా ప్రభుత్వం తెచ్చిన ట్యూషన్ల నిబంధనల్లో, దేశం బయట ఉన్న విదేశీయులను పిల్లల ట్యూషన్లకు పెట్టుకోవడాన్ని నిషేధించారు. అందుకే ఇక్కడ ఉదాహరణలన్నీ ఉద్యోగాలు చేసే పెద్దవాళ్లకు పనికొచ్చేవే తీసుకున్నాను.

1. ముందు ‘ఆర్డర్’ను రెండుగా విడగొట్టండి

క్రియల దాకా వెళ్లకముందే ఇది చేయండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా డిస్టర్బ్‌కు డెఫినిషన్ చెప్పడం మొదలుపెడతారు, అక్కడే పాఠం తప్పుదారి పడుతుంది.

ఇంగ్లిష్‌లో ఆర్డర్ అనే ఒకే మాట ఉన్నచోట చైనీస్‌లో రెండున్నాయి. ‘షున్‌షు’ అంటే వరుస: ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు. ‘జిషు’ అంటే పద్ధతి, శాంతిభద్రతలు, అందరూ నియమం ప్రకారం నడుచుకోవడం. చైనీస్‌లో షున్‌షును దాల్వాన్ చేయొచ్చు. జిషును కూడా దాల్వాన్ చేయొచ్చు, ఎక్కువగా ‘రావ్‌ల్వాన్’ చేస్తారు, అంటే అల్లరితో చెదరగొట్టడం. స్టూడెంట్ ఆ రెండింటినీ ఇంగ్లిష్‌లోకి తెచ్చేసరికి రెండూ "డిస్రప్ట్ ది ఆర్డర్" అయిపోతాయి.

కాబట్టి బోర్డు మీద రెండు గళ్లు గీయండి. వరుస గడిలో ఛేంజ్, షఫుల్, మిక్స్ అప్ రాయండి. పద్ధతి గడిలో డిస్రప్ట్, డిస్టర్బ్ రాయండి. తర్వాత మీరు నామవాచకాలు చదువుతూ పోతే అది ఏ గడిలోదో స్టూడెంట్ చెప్పాలి. పరీక్ష ప్రశ్నల క్రమం? వరుస. రైల్వే స్టేషన్‌లో గొడవ? పద్ధతి. స్లైడ్ల క్రమం? వరుస. కోర్టు హాల్లో అరుపులు? పద్ధతి.

ఆలోచించకుండా చెప్పగలిగే వరకు ఇక్కడే ఉండండి. పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు తర్వాత చాలా టైమ్ మిగులుస్తాయి.

న్యాయ, పోలీసు భాషలో మాత్రం పదబంధాలు ముందే స్థిరపడిపోయి ఉంటాయి. చైనా పబ్లిక్ సెక్యూరిటీ చట్టంలో ‘రావ్‌ల్వాన్ గొంగ్‌గొంగ్ జిషు’ అనే మాట ఉంది, దానికి ఇంగ్లిష్ అనువాదాల్లో మామూలుగా "డిస్రప్టింగ్ పబ్లిక్ ఆర్డర్" అని రాస్తారు. వీధిలో అల్లరికి ఇంగ్లిష్‌లో "డిస్టర్బింగ్ ద పీస్" అనే మాట వేరే ఉంది. వీటిని ముక్కలు చేసి వివరించబోకండి, మొత్తంగా కంఠతా పట్టించండి.

2. ఒకే గదిలో మూడు క్రియలు చూపించండి

డిస్టర్బ్, ఇంటరప్ట్, డిస్రప్ట్‌లను విడివిడి ఉదాహరణలతో చెప్తే స్టూడెంట్‌కు మూడు విడి విషయాలుగా గుర్తుంటాయి, తేడా గుర్తుండదు. ఒకే సన్నివేశంలో మూడూ రావాలి. నాకు బాగా పనిచేసింది క్లాస్‌రూమే.

టీచర్ పాఠం చెప్తోంది. ఒక కుర్రాడు ఆమె మాట పూర్తి కాకుండానే మధ్యలో ప్రశ్న అడిగాడు. అతను టీచర్‌ను ఇంటరప్ట్ చేశాడు. దెబ్బ తగిలింది సాగుతున్న మాటకు. జవాబు చెప్పి టీచర్ ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

పక్క గదిలో ఎవరో బల్లలు జరుపుతున్నారు. కిర్రుమనే శబ్దానికి పిల్లల ధ్యాస చెదురుతోంది. ఆ శబ్దం పిల్లలను డిస్టర్బ్ చేసింది. దెబ్బ తగిలింది ప్రశాంతతకు. పాఠం మాత్రం ఆగలేదు.

వెనక బెంచీ వాళ్లు లేచి అరుస్తూ ఒకరి మీద ఒకరు పేపర్లు విసురుకుంటున్నారు. టీచర్ ఆ రోజు చెప్పాలనుకున్నదాంట్లో సగం కూడా కాలేదు. వాళ్లు క్లాసును డిస్రప్ట్ చేశారు. దెబ్బ తగిలింది జరగాల్సిన కార్యక్రమం మొత్తానికి.

ఇప్పుడు స్టూడెంట్‌ను మూడు ప్రశ్నలు అడగండి. దెబ్బ తగిలింది మనిషికా, మాటకా, ఏర్పాటుకా? తగిలాక అది ఆగిందా, సాగిందా? మళ్లీ మామూలు కావడానికి ఎంతసేపు పట్టింది? ఈ మూడింటికి జవాబు చెప్పగలిగితే క్రియ దానంతటదే వస్తుంది.

క్లాస్‌రూమ్ సరిపోదనుకుంటే ఆఫీసు మీటింగ్ తీసుకోండి. ఒకరు మధ్యలో మాట్లాడటం ఇంటరప్ట్, బయట డ్రిల్లింగ్ మెషిన్ మోత డిస్టర్బ్, ఫైర్ అలారం మోగి అందరూ కిందికి దిగిపోవడం డిస్రప్ట్.

ఇంటరప్ట్ మాటలకే పరిమితం కాదని ఇక్కడే చెప్పండి. ఎడతెగకుండా సాగే దేనికైనా అది వర్తిస్తుంది. మన ఇళ్లలో ఉండే యూపీఎస్‌కు పూర్తి పేరు అనింటరప్టిబుల్ పవర్ సప్లై. దాన్నే చైనీస్‌లో ‘బూజ్యాన్‌ద్వాన్ ద్యాన్‌యువాన్’ అంటారు. అందులోనూ ‘ద్వాన్’ ఉంది చూడండి, తెగడం. దాద్వాన్‌లో ఉన్న అక్షరమే అది. కరెంటయినా మాటయినా తెగితే ఇంటరప్ట్ అని చెప్పగానే స్టూడెంట్లు ఈ మాటను ఇక మర్చిపోరు. ఈ ఏడు క్రియల్లో చైనీస్ అక్షరానికీ ఇంగ్లిష్ ధాతువుకూ ఇంత చక్కగా కుదిరింది ఇదొక్కటే. లాటిన్‌లో ‘రుప్ట్’ అన్నా తెగడం, విరగడమే.

3. డిస్రప్ట్‌కు పెద్ద విషయాలే ఇవ్వండి

డిస్రప్ట్ తర్వాత రావాల్సిన నామవాచకాలు: సర్వీస్, సప్లై, షెడ్యూల్, ట్రాఫిక్, ఫ్లైట్లు, క్లాసు, మీటింగ్, వ్యాపారం. మనిషి పేరు నేరుగా రావడం తక్కువ. "డిస్రప్ట్ యూ" అని ఎక్కడ కనిపించినా ఆగి చూడండి, అక్కడ బాదరో డిస్టర్బో ఉండాలి.

చైనీస్ మాట్లాడేవాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ నౌక సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు కదల్లేదు. ఈ కథను ఇంగ్లిష్‌లో చెప్పమనండి. కాలువ బ్లాక్ అయింది. ప్రపంచ వ్యాపారం డిస్రప్ట్ అయింది. కాలువ డిస్రప్ట్ కాలేదు, వ్యాపారం డిస్టర్బ్ కాలేదు. రెండు వాక్యాల్లో రెండు క్రియలూ తప్పకుండా పడితే ముందుకు వెళ్లండి.

స్టార్టప్‌లలో పనిచేసేవాళ్లు ఇక్కడ ఒక మెలిక పెడతారు. "డిస్రప్ట్ చెడ్డ మాటయితే కంపెనీలు గొప్పగా ఎందుకు చెప్పుకుంటాయి?" ఆ వాడుకకు ప్రాచుర్యం తెచ్చింది హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్‌సెన్. 1995 నుంచి ఆయన రాసిన రాతల వల్ల డిస్రప్టివ్ అనే మాట వ్యాపార భాషలో స్థిరపడింది. చైనీస్‌లో దీనికి రెండు అనువాదాలున్నాయి: ‘పొహ్వాయ్‌షింగ్’, అంటే ధ్వంసం చేసేది, ‘ద్యాన్‌ఫూషింగ్’, అంటే తలకిందులు చేసేది. బిజినెస్ వార్తల్లో కనిపిస్తే మెచ్చుకోలు, రైళ్ల వార్తల్లో కనిపిస్తే ఇబ్బంది అని ఒక్క మాటలో చెప్పి వదిలేయండి.

4. ‘దారావ్’ మర్యాదను విడిగా నేర్పండి

డిక్షనరీలో ‘దారావ్’ ఎదురుగా డిస్టర్బ్ అని ఉంటుంది. హోటల్ గది తలుపుకు తగిలించే "డు నాట్ డిస్టర్బ్" బోర్డు మీద చైనీస్‌లో రాసేదీ ఈ మాటే. అక్కడి వరకు సరిగ్గానే ఉంది.

అయితే చైనీస్‌లో దారావ్ మర్యాద మాట కూడా. ఎవరినైనా పలకరించి ఏదైనా అడగాలంటే "దారావ్ యీష్యా" అంటారు. దాన్ని యథాతథంగా మార్చి "డిస్టర్బ్ యూ ఎ మూమెంట్" అంటే వినేవాళ్లు కంగారు పడతారు. అక్కడ "ఎక్స్‌క్యూజ్ మీ" చాలు. మెయిల్‌లో అయితే "సారీ టు బాదర్ యూ". అవతలి మనిషి నిజంగా నిద్రలోనో, తలుపేసుకుని పనిలోనో ఉంటే "సారీ టు డిస్టర్బ్ యూ" బాగుంటుంది. ఎవరైనా మాట్లాడుతుండగా అడ్డు రావాల్సి వస్తే "సారీ టు ఇంటరప్ట్".

ఎవరింటికైనా వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు వాళ్లు "దారావ్ ల" అంటారు. మనం "మీకు శ్రమ ఇచ్చాం" అన్నట్టు. ఇంగ్లిష్‌లో ఆ సందర్భంలో డిస్టర్బ్ మాటే రాదు, "థాంక్స్ ఫర్ హావింగ్ మీ" అంటారు. ఈ సందర్భాలన్నీ మీరొక పాత్ర, స్టూడెంట్ ఒక పాత్రగా నటిస్తూ చేయించండి. పేపర్ మీద రాయిస్తే మర్యాద మాటలు నోటికి రావు.

హెచ్చరిక: "హి ఈజ్ డిస్టర్బ్డ్" అనే వాక్యం స్టూడెంట్ నోట వస్తే వెంటనే ఆపండి. మనవాళ్లు కూడా "ఐ యామ్ డిస్టర్బ్డ్ టుడే" అని తేలిగ్గా అనేస్తుంటారు. ఒక మనిషిని డిస్టర్బ్డ్ అని వర్ణిస్తే మానసికంగా తీవ్రమైన సమస్య ఉందనే అర్థం వస్తుంది. మూడ్ బాగోలేదని చెప్పడానికి అప్‌సెట్ సరైన మాట.

5. ఇంటర్‌ఫియర్‌కు తోక తగిలించండి

"ద నాయిస్ ఇంటర్‌ఫియర్స్ మై స్టడీ." ఈ వాక్యం మీకు తప్పకుండా ఎదురవుతుంది. చైనీస్‌లో ‘గాన్‌రావ్’ (అడ్డు తగలడం) తర్వాత కర్మ నేరుగా వస్తుంది, విభక్తి అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఇంటర్‌ఫియర్ ఒంటరిగా కర్మను మోయలేదు, మధ్యలో విత్ కానీ ఇన్ కానీ రావాలి.

ఏది ఎప్పుడు? పనికో సిగ్నల్‌కో అడ్డు తగిలితే విత్. చైనీస్‌లో గాన్‌రావ్. ఒకరి వ్యవహారంలో తలదూరిస్తే ఇన్. చైనీస్‌లో ‘గాన్‌షె’. రెండోదానికి మన దగ్గరే మంచి గుర్తుంది. 1954లో భారత్, చైనా కలిసి ఒప్పుకున్న పంచశీల సూత్రాల్లో ఒకటి పరస్పర అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడం. చైనీస్‌లో "హూ బూ గాన్‌షె నేయ్‌జెంగ్". స్కూల్లో చదువుకున్న చైనీయులందరికీ ఈ మాట తెలుసు. దాని ఇంగ్లిష్ రూపం "నాన్ ఇంటర్‌ఫియరెన్స్ ఇన్ ఈచ్ అదర్స్ ఇంటర్నల్ అఫైర్స్". అందులో ఉన్న ఇన్‌ను చూపిస్తే మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

విత్‌కు మైక్రోవేవ్ ఉదాహరణ చెప్పండి. ఓవెన్ ఆన్ చేస్తే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై నెమ్మదించడం చాలామందికి అనుభవమే. "ద మైక్రోవేవ్ ఇంటర్‌ఫియర్స్ విత్ ద వైఫై."

6. వస్తువులకూ వరుసకూ వేరే సెట్ ఇవ్వండి

గది, జుట్టు, బల్ల మీది కాగితాలు చెదిరిపోతే మెస్ అప్. చైనీస్‌లో ‘నొంగ్‌ల్వాన్’. ఇంటర్వ్యూనో పరీక్షనో పాడుచేసుకున్నా మెస్ అప్పే, అప్పుడు చైనీస్ మాట ‘గావ్‌జా’. రెండు చైనీస్ మాటలకు ఒకే ఇంగ్లిష్ మాట దొరకడం ఈ పాఠంలో అరుదు కాబట్టి స్టూడెంట్లు సంతోషిస్తారు.

సర్వనామం ఎక్కడ పెట్టాలో చెప్పడం మరవొద్దు. "మెస్ అప్ ఇట్" కాదు, "మెస్ ఇట్ అప్". "మిక్స్ దెమ్ అప్" కూడా అంతే.

కావాలని, మంచి ఉద్దేశంతో వరుస మార్చితే షఫుల్. పేకముక్కలు, పాటల లిస్టు, పరీక్ష ప్రశ్నలు. పొరపాటున ఒకటనుకుని ఇంకొకటి పట్టుకుంటే మిక్స్ అప్. కవల పిల్లల పేర్లు, రెండు ఫైళ్లు, తేదీలు. చైనీస్‌లో ప్రశ్నల వరుస మార్చడానికి కూడా దాల్వాన్ షున్‌షు అంటారు కాబట్టి, కంప్యూటర్‌లో ప్రశ్నపత్రాలు తయారుచేసే టీచర్లు "డిస్రప్ట్ ది ఆర్డర్ ఆఫ్ క్వశ్చన్స్" అని రాస్తుంటారు. కావాలని చేసిందా, నష్టం జరిగిందా అని అడగండి. కావాలని చేసి నష్టం లేకపోతే అది డిస్రప్ట్ కాదు.

మనుషుల వరుసకు వేరే మాట. క్యూలో మధ్యలో దూరడాన్ని చైనీస్‌లో ‘ఛాద్వే’ అంటారు. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో జంప్ ద క్యూ, అమెరికాలో కట్ ఇన్ లైన్, సింగపూర్ వాళ్లు మామూలుగా వాడేది కట్ క్యూ. స్టూడెంట్ ఎక్కడ ఉంటున్నాడో దాన్ని బట్టి ఒకటే నేర్పండి.

అప్‌సెట్ గురించి క్లుప్తంగా: కడుపు, బ్యాలెన్స్, ప్లాన్, మనసు ఈ నాలుగూ చాలు. భూతకాలంలోనూ అప్‌సెట్టే, అప్‌సెటెడ్ లేదు. ఆటల్లో బలహీనమైన టీమ్ గెలిస్తే దాన్నీ అప్‌సెట్ అంటారు, చైనీస్‌లో ‘బావ్‌లెంగ్’. అలా నామవాచకంగా వచ్చినప్పుడు ఊనిక, అంటే ఒత్తి పలకడం, మొదటి అక్షరం మీద పడుతుంది.

7. డిస్ట్రాయ్‌ను కొన్నాళ్లు తాళం వేసి పెట్టండి

‘పొహ్వాయ్’ అనే చైనీస్ మాట చాలా పెద్దది. అడవినీ, ఒప్పందాన్నీ, రూల్‌నూ, వాతావరణాన్నీ, పార్టీ మూడ్‌నూ అన్నిటినీ పొహ్వాయ్ చేయొచ్చు. డిక్షనరీలో మొదట కనిపించే ఇంగ్లిష్ అర్థం డిస్ట్రాయ్. అందుకే "హి డిస్ట్రాయ్డ్ ద రూల్", "ద రెయిన్ డిస్ట్రాయ్డ్ అవర్ పిక్నిక్" లాంటివి వస్తాయి.

ఇలా పంచి ఇవ్వండి: రూల్, చట్టం, మాట ఇచ్చినది అయితే బ్రేక్. పిక్నిక్, మూడ్, సర్‌ప్రైజ్ అయితే స్పాయిల్ లేదా రూయిన్. పర్యావరణం, పేరు ప్రతిష్ఠ అయితే డ్యామేజ్. శత్రువు లోపల ఉండి చాటుగా యంత్రాలు పాడుచేస్తే సాబటాజ్. డిస్ట్రాయ్ అంటే మళ్లీ బాగుచేయడానికి ఏమీ మిగలకుండా పోవడం. రెండు వారాల పాటు ఆ మాట వాడకూడదని క్లాసులో రూల్ పెడితే స్టూడెంట్ తప్పనిసరై మిగతా మాటల వైపు వెళ్తాడు.

8. చివరి హల్లులు పలికించండి

మాండరిన్‌లో, అంటే ఇప్పటిదాకా మనం చూసిన చైనీస్‌లో, అక్షరం (సిలబుల్) అచ్చుతోనో, న్ లేక ఙ్ ధ్వనితోనో, కొన్నిసార్లు ర్‌తోనో ముగుస్తుంది. ప్ట్, ర్బ్ లాంటి ముగింపులు లేవు. అందుకే డిస్రప్ట్ వాళ్ల నోట డిస్రప్ అవుతుంది, భూతకాలం మొత్తంగా మింగేస్తారు. మన నోట ఇంకో రకం తప్పు జరుగుతుంది, చివర ఉ కలిపి డిస్రప్టు, డిస్టర్బు అంటాం. మీరు అలా పలికితే స్టూడెంట్ అదే పట్టుకుంటాడు. కాబట్టి ముందు మీ ఉచ్చారణ ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి.

తేలికైన ఉపాయం: క్రియను ఒంటరిగా పలికించకండి. అచ్చుతో మొదలయ్యే మాట వెనక తగిలించండి. "డిస్రప్ట్ ఇట్", "ఇంటరప్ట్ అజ్", "డిస్టర్బ్ ఎనీవన్". చివరి హల్లు తర్వాతి అచ్చుకు అతుక్కుని దానంతటదే పలుకుతుంది. డిస్టర్బ్, డిస్రప్ట్, ఇంటరప్ట్, ఇంటర్‌ఫియర్ నాలుగింటికీ ఊనిక చివరి భాగం మీదే. డిస్రప్టెడ్, ఇంటరప్టెడ్‌లలో చివర ఒక అక్షరం పెరుగుతుంది, డిస్టర్బ్డ్‌లో పెరగదు. వేళ్లతో లెక్క పెట్టించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

టీచర్లు చేసే తప్పు ముందు చెప్తాను, ఎందుకంటే దాని వల్లే మిగతావి వస్తాయి. ఒకే రోజు పన్నెండు మాటలు ఇచ్చి, ప్రతిదానికీ పక్కన చైనీస్ అర్థం రాయించడం. ఆ లిస్టు చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ వాక్యం రాసేటప్పుడు పనికిరాదు. క్రియ పక్కన అర్థం బదులు దానితో వచ్చే మూడు నామవాచకాలు రాయించండి.

స్టూడెంట్ల తప్పుల్లో తరచుగా కనిపించేవి:

- "డోంట్ ఇంటరప్ట్ మై స్లీప్" కన్నా "డోంట్ డిస్టర్బ్ మై స్లీప్" సహజం. డాక్టర్లు మాత్రం నిద్ర మధ్య మధ్యలో తెగిపోతుంటే "ఇంటరప్టెడ్ స్లీప్" అంటారు, అది తప్పు కాదు.
- "హి ఇంటరప్టెడ్ మై ప్లాన్" బదులు అప్‌సెట్ లేదా డిస్రప్టెడ్. మాటల్లో అయితే "హి మెస్డ్ అప్ మై ప్లాన్".
- "మేక్ ఎ డిస్రప్షన్" కాదు, "కాజ్ డిస్రప్షన్". చైనీస్‌లో గాన్‌రావ్ లాంటి మాట రూపం మారకుండా క్రియగానూ నామవాచకంగానూ పనిచేస్తుంది, అందుకే నామవాచక రూపాలు విడిగా నేర్పాలి.
- స్పెల్లింగ్‌లో ఇంటరప్ట్‌కు రెండు ఆర్‌లు. ఒకటే రాస్తారు.
- పిల్లాడి అల్లరికి, చైనీస్‌లో ‘దావ్‌ల్వాన్’, "హి ఈజ్ డిస్రప్టింగ్" అని మధ్యలో ఆపేయడం. దేన్ని డిస్రప్ట్ చేశాడో చెప్పాలి. చెప్పడానికి ఏమీ లేకపోతే "హి ఈజ్ మెస్సింగ్ అరౌండ్".

వచ్చిందో లేదో చూడటం

రెండో క్లాసు చివర ఈ ఎనిమిది సందర్భాలు చెప్పి ఇంగ్లిష్ వాక్యాలు రాయించండి. క్రియల లిస్టు కనిపించకూడదు.

1. పక్కింటి కుక్క మొరిగితే పాప నిద్ర చెడింది.
2. నేను చెప్తుండగా మేనేజర్ మధ్యలో అందుకున్నాడు.
3. తుపాను వల్ల విమానాల రాకపోకలు దెబ్బతిన్నాయి.
4. ఓవెన్ వల్ల సిగ్నల్ సరిగ్గా రావడం లేదు.
5. ఆట మొదలుపెట్టేముందు ముక్కలు కలిపాడు.
6. కవల పిల్లల పేర్లు ఒకరివి ఒకరికి పెట్టేశాను.
7. ఇంటర్వ్యూ పాడుచేసుకున్నాను.
8. వాన వచ్చి పిక్నిక్ చెడింది.

జవాబులు వరుసగా డిస్టర్బ్, ఇంటరప్ట్, డిస్రప్ట్, ఇంటర్‌ఫియర్ విత్, షఫుల్, మిక్స్ అప్, మెస్ అప్, స్పాయిల్ లేదా రూయిన్.

ఎన్ని మార్కులు వచ్చాయన్నది అంత ముఖ్యం కాదు. ఏది ఏదానితో తారుమారైందో చూడండి. 1, 2 తారుమారైతే రెండో మెట్టుకు వెళ్లాలి. 3, 5 రెండింటికీ డిస్రప్ట్ రాస్తే మొదటి మెట్టు మళ్లీ చేయాలి. నాలుగోదానిలో విత్ ఎగిరిపోతే పంచశీల ఒక్కసారి గుర్తుచేసి, విత్‌తో ఐదు వాక్యాలు నోటితో చెప్పిస్తే చాలు.

వారం తర్వాత ఇంకో పరీక్ష. గత వారం ఆఫీసులో పని ఎక్కడెక్కడ ఆగిందో ఆరు వాక్యాల్లో రాయమనండి. ఈ మాటలు వాడమని మాత్రం చెప్పకండి. చెప్తే వెతికి మరీ ఇరికిస్తాడు, మీకు నిజం తెలియదు. రాసినదాంట్లో ఒక్కో క్రియ కింద గీత గీసి, దాని పక్కనున్న నామవాచకాన్ని లెర్నర్స్ డిక్షనరీ ఉదాహరణల్లో వెతకమనండి. అక్కడ అలాంటిదే కనిపిస్తే టిక్, కనిపించకపోతే ప్రశ్నార్థకం. ప్రశ్నార్థకాలు మాత్రమే మీ దగ్గరికి రావాలి.

కొన్నిచోట్ల రెండు మాటలూ ఒప్పే అవుతాయి. "డిస్టర్బ్ ద క్లాస్", "డిస్రప్ట్ ద క్లాస్" రెండూ వాడుకలో ఉన్నవే. అలాంటివి వస్తే మార్కు ఇచ్చేసి ఊరుకోకండి. మొదటి వాక్యంలో ఇబ్బంది పడింది ఎవరు, రెండో వాక్యంలో చెడింది ఏది అని అడగండి. మొదటిదానికి పిల్లలు, రెండోదానికి పాఠం అని తడుముకోకుండా జవాబు వస్తే ఆ స్టూడెంట్‌కు డీరైల్, స్క్రాంబుల్ ఇవ్వొచ్చు.